ఎర్ర జాజు, ఎండ, ఒక యూరియా బస్తా

ఈ వారం ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసుకోండి.

యూరియా బస్తా బరువు 45 కిలోలు. ధర రూ.266.50. వానాకాలంలో మా మల్దకల్ దిక్కు దీనికోసం ఎంత గుంజులాట ఉంటదో రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మాది నడిగడ్డ. కృష్ణా, తుంగభద్ర నడుమ ఉన్న నేల. సీడ్ పత్తికి పేరున్న ప్రాంతం. స్టాక్ వచ్చిందని వాట్సాప్‌లో మెసేజ్ పడితే చాలు, తెల్లారేసరికి లైన్. మనుషుల కంటే ముందు చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో నిలబడతాయి.

ఆ బస్తాలో నత్రజని ఉందని అందరికీ తెలుసు. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే, దానికి కరువు లేదు. కరువు హైడ్రోజన్‌కి. గాలిలోని నత్రజనికి హైడ్రోజన్ కలిపితే అమ్మోనియా, అమ్మోనియాకి కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తు చేసుకొని లెక్క వేస్తే, 60 గ్రాముల యూరియాకి 6 గ్రాముల హైడ్రోజన్ కావాలి. అంటే పదో వంతు. మన 45 కిలోల బస్తాకి నాలుగున్నర కిలోల హైడ్రోజన్.

ఈ నాలుగున్నర కిలోలు ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది? సహజ వాయువు నుంచి. మన రామగుండం ఫ్యాక్టరీ ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారు చేసే సామర్థ్యంతో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అదీ గ్యాస్ మీద నడిచేదే. దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతి. ఎక్కడో సముద్రం అవతల యుద్ధం జరిగితే గట్టు, అయిజ, మల్దకల్ రైతు లైన్లో నిలబడాల్సి రావడానికి ఒక కారణం ఇదే.

అదే హైడ్రోజన్ నీళ్లలో కూడా ఉంది. నాలుగున్నర కిలోలు కావాలంటే 40 లీటర్ల నీళ్లు చాలు. రెండు మినరల్ వాటర్ క్యాన్లు! నీళ్లను విడగొట్టడానికి కావాల్సిన శక్తి మార్చి నుంచి జూన్ దాకా మన నెత్తి మీద ఫ్రీగా పడుతూనే ఉంది. మరి ఎండతోనే నీళ్లను విడగొట్టేస్తే పోలా?

ఆ పని చేయాల్సిన వస్తువు పేరే ఫోటోఎలక్ట్రోడ్. ఈ వారం కథ దానిదే.

జపాన్‌లో వెలిగిన తెల్ల పొడి

వెలుతురు పడితే ద్రవంలో ముంచిన లోహపు రేకుల మధ్య కరెంటు పుడుతుందని 1839లో ఎడ్మండ్ బెకెరెల్ అనే ఫ్రెంచ్ కుర్రాడు గమనించాడు. అప్పటికి అతని వయసు 19. అంటే మనలో చాలామంది బీటెక్ సెకండియర్ బ్యాక్‌లాగ్స్‌తో కుస్తీ పడే వయసు.

అసలు మలుపు మాత్రం 1972లో వచ్చింది. టోక్యోలో అకిరా ఫుజిషిమా, ఆయన గురువు కెనిచి హోండా కలిసి 'నేచర్' పత్రికలో చిన్న పేపర్ వేశారు. టైటానియం డయాక్సైడ్ ముక్క ఒక పక్క, ప్లాటినం మరో పక్క, మధ్యలో నీళ్లు. టైటానియం డయాక్సైడ్ మీద వెలుతురు వేస్తే అక్కడ ఆక్సిజన్, ప్లాటినం దగ్గర హైడ్రోజన్. మరుసటి ఏడాదే ప్రపంచాన్ని చమురు సంక్షోభం కుదిపేయడంతో అందరి కళ్లూ దీని మీద పడ్డాయి.

టైటానియం డయాక్సైడ్ అంటే ఏదో రాకెట్ సైన్స్ వస్తువు కాదు. మన గోడల తెల్ల పెయింట్‌లో ఉండేది, సన్‌స్క్రీన్‌లో ఉండేది అదే. చవక, విషం కాదు, నీళ్లలో చెడిపోదు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటే లోటు. అది తెల్లగా ఉంది!

తెల్లగా ఉండటమే ఎందుకు లోటు? తెల్లగా కనిపిస్తోందంటే మన కంటికి కనబడే వెలుతురునంతా వెనక్కి పంపేస్తోందని అర్థం. అది తినేది అతినీలలోహిత కిరణాలను మాత్రమే. ఎండలో వాటి వాటా 4, 5 శాతమే. అంటే వంద రూపాయల ఎండలో ఐదు రూపాయలు తీసుకొని మిగతా తొంభై ఐదు వాపస్ ఇచ్చేస్తోంది.

వెలుతురు పడితే లోపల ఏమవుతుంది?

సెమీకండక్టర్‌లో ఎలక్ట్రాన్లు కింది అంతస్తులో కిక్కిరిసి ఉంటాయి. పై అంతస్తు ఖాళీ. మధ్యలో మెట్లు లేవు. ఆ ఎత్తునే బ్యాండ్ గ్యాప్ అంటారు. తగినంత శక్తి ఉన్న కాంతి కణం వచ్చి తన్నితే ఎలక్ట్రాన్ పైకి ఎగురుతుంది, కింద ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీనే 'హోల్' అంటారు. ఆర్టీసీ బస్సులో ఒకరు దిగితే ఆ సీట్లోకి వెనకాయన జరుగుతాడు, ఆయన సీట్లోకి ఆ వెనకాయన. చూస్తే ఖాళీ సీటే నడుచుకుంటూ వెనక్కి పోయినట్టుంటుంది. హోల్ కూడా అట్లనే నడుస్తది.

హోల్ నీటిని చేరితే ఆక్సిజన్ పుడుతుంది. ఎలక్ట్రాన్ వైరు గుండా అవతలి ఎలక్ట్రోడ్‌కి చేరితే హైడ్రోజన్ పుడుతుంది. ఈ రెండూ దారిలో ఒకదాన్నొకటి కలుసుకుంటే మాత్రం ఆ శక్తి వేడిగా మారిపోతుంది, కథ ముగుస్తుంది. ఫోటోఎలక్ట్రోడ్ పరిశోధన అంటే సగానికి సగం ఈ ఇద్దరినీ కలవనివ్వకుండా చూసుకోవడమే.

నీళ్లను విడగొట్టడానికి కనీసం 1.23 వోల్టులు కావాలి. దారి ఖర్చులు కలుపుకుంటే ఇంకా ఎక్కువే. టైటానియం డయాక్సైడ్ గ్యాప్ 3 ఎలక్ట్రాన్ వోల్టులకు పైన. మరీ ఎత్తు. మధ్యస్థంగా, 2 చుట్టుపక్కల ఉండేది ఏదైనా దొరికితే?

దొరికింది. దాని కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఎర్ర నేలకి ఎరుపునిచ్చేదే అది. పండగకు అమ్మవాళ్లు గోడలకి, అరుగులకి పూసే జాజులో ఉన్నది అదే. హెమటైట్. ఐరన్ ఆక్సైడ్. దాని బ్యాండ్ గ్యాప్ 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. నీలం, ఆకుపచ్చ వెలుతురు తినేసి ఎరుపును వదిలేస్తుంది కాబట్టే మనకు ఎర్రగా కనిపిస్తుంది.

జాజుకున్న జబ్బు

ఇంత చవకగా దొరికితే ఈపాటికి ప్రతి ఊళ్లో హైడ్రోజన్ ప్లాంట్ ఉండాలి కదా? ఉండదు. హెమటైట్‌కి ఒక జబ్బుంది. దానిలో హోల్ 2 నుంచి 4 నానోమీటర్లు నడిచేలోపే చచ్చిపోతుంది. మన తల వెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల వరకు ఉంటుంది. అందులో రెండు నుంచి నాలుగు!

పొర పల్చగా వేస్తే హోల్స్ నీటిని చేరతాయి కానీ వెలుతురు ఆగకుండా దాటిపోతుంది. వెలుతురంతా పట్టాలంటే కొన్ని వందల నానోమీటర్ల మందం కావాలి. మందం పెంచితే హోల్స్ దారిలోనే పోతాయి. మా భాషలో చెప్పాలంటే రెండు రిక్వైర్‌మెంట్లు, ఒకదానితో ఒకటి కొట్లాట.

దీనికి పరిష్కారం మన చేనులోనే ఉంది. నేల మీద పరిచిన చొప్పకీ, నిలబడ్డ జొన్న చేనుకీ తేడా ఆలోచించండి. నిలబడ్డ చేనులోకి ఎండ పైనుంచి కిందిదాకా దిగుతుంది. కర్ర మాత్రం సన్నగానే ఉంటుంది, దాని మధ్య నుంచి అంచుకు దూరం తక్కువ. గాజు మీద హెమటైట్‌ను పొరలా పూయకుండా కొన్ని పదుల నానోమీటర్ల మందం, వందల నానోమీటర్ల పొడుగు ఉన్న కర్రల్లా 'మొలిపిస్తే' వెలుతురు నిలువుగా దిగుతుంది, హోల్ అడ్డంగా నడిచి పక్కనే ఉన్న నీటిని చేరుకుంటుంది. నానో అనే మాట ఇక్కడ ఫ్యాషన్ కోసం వచ్చింది కాదు, ఈ అవసరం కోసం వచ్చింది.

ఎట్ల మొలిపిస్తారు?

మూడు పద్ధతులు చెప్తా. మూడూ మనకు తెలిసిన పనులకు దగ్గరగానే ఉంటాయి.

మొదటిది హైడ్రోథర్మల్. టెఫ్లాన్ గిన్నె, దానికి స్టీలు తొడుగు, బిగించే మూత. అంటే విజిల్ లేని ప్రెషర్ కుక్కర్ అనుకోండి. లోపల ఫెర్రిక్ క్లోరైడ్ కలిపిన నీళ్లు, అందులో కరెంటు పారే పూత ఉన్న గాజు ముక్క. కొన్ని గంటలు 100 డిగ్రీల దగ్గర ఉంచితే గాజు మీద పసుపు రంగు పొర మొలుస్తుంది. తర్వాత కొలిమిలో 550 డిగ్రీల దాకా కాలిస్తే అది ఎర్ర హెమటైట్ అవుతుంది. తమాషా ఏమిటంటే, ఇలాంటి చాలా రెసిపీల్లో కలిపే ఒక దినుసు యూరియా. వేడికి అది మెల్లగా విడిపోయి అమ్మోనియా వదులుతుంది, ద్రవం పీహెచ్ ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా పెరుగుతుంది, కర్రలు సమంగా మొలుస్తాయి. పొలంలోనూ మెల్లగా పనిచేయాలనే కదా యూరియాకి వేపనూనె పూస్తారు!

రెండోది యానోడైజింగ్. టైటానియం రేకును ఇథిలీన్ గ్లైకాల్‌లో, అంటే బండి రేడియేటర్ కూలెంట్‌లో వాడే ద్రవంలో ముంచి, కొంచెం అమోనియం ఫ్లోరైడ్, కొంచెం నీళ్లు కలిపి కొన్ని పదుల వోల్టుల కరెంటు ఇస్తారు. ఒక పక్క ఆక్సైడ్ పెరుగుతుంటే మరో పక్క ఫ్లోరైడ్ దాన్ని తొలుస్తూ పోతుంది. రెండింటి పోటీలో తేనెపట్టు లాంటి గొట్టాలు నిలువుగా తయారవుతాయి. వాటినే నానోట్యూబులు అంటారు. ఇది యూట్యూబ్ చూసి ఇంట్లో చేసే పని కాదు. ఫ్లోరైడ్ ఒంటికి చాలా ప్రమాదం.

మూడోది చదివినప్పుడు నాకు గద్వాల చీర గుర్తొచ్చింది. నూలుకి చిక్కటి రంగు ఎక్కాలంటే ముంచి, పిండి, మళ్లీ ముంచుతారు కదా. ఇక్కడ టైటానియం డయాక్సైడ్ పూసిన గాజును కాడ్మియం ద్రావణంలో ముంచి, కడిగి, సల్ఫైడ్ ద్రావణంలో ముంచి, మళ్లీ కడుగుతారు. ఒక్కో ముంపుకి కాడ్మియం సల్ఫైడ్ కొంచెం కొంచెం పేరుకొని తెల్లటి గాజు పసుపెక్కుతుంది. తెల్ల పొడి వదిలేసిన వెలుతురును ఈ పసుపు పట్టుకుంటుంది. ఈ పద్ధతి పేరు సైలార్. కాడ్మియం విషం కాబట్టి వేరే పదార్థాల కోసం వెతుకులాట నడుస్తూనే ఉంది.

నానోకి నష్టం లేదా అంటే ఉంది. కర్రలు పెరిగితే ఉపరితలం పెరుగుతుంది. ఉపరితలంలోనే లోపాలు ఎక్కువ, ఎలక్ట్రాన్, హోల్ దొంగచాటుగా కలుసుకునేదీ అక్కడే. అందుకే హెమటైట్‌లోకి కొంచెం తగరమో, టైటానియమో కలుపుతారు. పైన నికెల్, కోబాల్ట్ లాంటి వాటితో పల్చటి క్యాటలిస్ట్ పూత వేస్తారు. ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకోటి లేస్తది. మా వాళ్లకు ఇది కొత్తేం కాదు.

మనోళ్లు ఎవరున్నారు?

కడప యోగి వేమన యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఎం.వి. శంకర్ ల్యాబ్ టైటానియం డయాక్సైడ్ నానోట్యూబులతో, ఎండలో హైడ్రోజన్ తీయడం మీద ఏళ్లుగా పనిచేస్తోంది. 2006లో పుట్టిన స్టేట్ యూనివర్సిటీ అది. సంగారెడ్డి దగ్గర కంది ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ మేలేపురత్ దీప బృందం క్వాంటమ్ డాట్లు ఎక్కించిన టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ల మీద పనిచేసింది. హైదరాబాద్ బాలాపూర్ దగ్గరి ఏఆర్‌సీఐలో ప్రమోద్ బోర్సే ఫోటోఎలక్ట్రోకెమికల్ హైడ్రోజన్ మీద పరిశోధన చేశారు. తార్నాక ఐఐసీటీలో ఎల్. గిరిబాబు రంగు పూసిన సోలార్ సెల్స్ మీద పనిచేశారు. ఈ పని కోసం అమెరికానే పోవాలని రూల్ లేదు.

ఇప్పుడు అసలు లెక్క

మళ్లీ క్యాలిక్యులేటర్ తీయండి. మన దగ్గర ఒక చదరపు మీటరు మీద రోజుకి సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుంది. కిలో హైడ్రోజన్‌లో దాచే శక్తి సుమారు 33 యూనిట్లు. ఎండలో పదో వంతును హైడ్రోజన్‌గా మార్చే, అంటే 10 శాతం సామర్థ్యం ఉన్న ఫోటోఎలక్ట్రోడ్ చదరపు మీటరుకి రోజుకి 15 గ్రాములు ఇస్తుంది. పదడుగుల గదంత, అంటే 10 చదరపు మీటర్ల పలక పెడితే 150 గ్రాములు. ఒక యూరియా బస్తాకి సరిపడా హైడ్రోజన్ రావడానికి నెల రోజులు. సామర్థ్యం 1 శాతమే అయితే పది నెలలు!

మరి ఇప్పుడు ఎంతలో ఉన్నాం? 1998లో అమెరికాలో జాన్ టర్నర్ బృందం 12.4 శాతం చూపించింది. కానీ వాడింది ఖరీదైన గాలియం పదార్థాలు, అవి నీళ్లలో ఎక్కువ కాలం నిలవలేదు. 2021లో టోక్యో వాళ్లు 100 చదరపు మీటర్ల పలకలను ఆరుబయట నెలల తరబడి నడిపించారు. అవి ఎలక్ట్రోడ్లు కావు, వాటి దాయాదులైన ఫోటోక్యాటలిస్ట్ పలకలు. వచ్చిన గరిష్ఠ సామర్థ్యం 0.76 శాతం. హెమటైట్‌కి ఇంకో లోటు కూడా ఉంది. ఎండ ఒక్కటే దానికి చాలదు, బయటి నుంచి కొంచెం వోల్టేజీ తోడు కావాలి.

ఇంకో పక్క పోటీ చూడండి. అదే 10 చదరపు మీటర్లలో మామూలు సోలార్ ప్యానెళ్లు పెడితే 2 కిలోవాట్లు, రోజుకి సుమారు 8 యూనిట్లు. ఎలక్ట్రోలైజర్‌తో కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు. మన బస్తా హైడ్రోజన్‌కి దాదాపు 240 యూనిట్లు, అంటే నెల రోజులు. చూశారా, 10 శాతం ఫోటోఎలక్ట్రోడ్ కష్టపడి చేరాల్సిన చోట మార్కెట్లో దొరికే సరుకు ఆల్రెడీ కూర్చొని ఉంది. కేంద్రం 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఎక్కువగా నమ్ముకున్నదీ ఈ ఎలక్ట్రోలైజర్ దారినే.

ఇంకో మెలిక. యూరియాకి హైడ్రోజన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పుడది గ్యాస్ నుంచే వస్తోంది. గ్యాస్ మానేస్తే దాన్ని వేరే చోటి నుంచి తెచ్చుకోవాలి. కాబట్టి "నీళ్లతో యూరియా, వచ్చే ఏడాదే" అని ఎవరైనా రీల్ పెడితే నవ్వి స్క్రోల్ చేయండి.

అయితే దండగేనా?

మా చిన్నాయన కొడుకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తున్నాడు. వాడికి ఈ లైన్లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. మొన్న ఊరికి పోయినప్పుడు చిన్నమ్మ నన్ను కూర్చోబెట్టి, "నువ్వన్నా చెప్పు బిడ్డా, ఏదన్నా కోర్సు నేర్సుకొని హైదరాబాద్‌ల జాబ్ చూస్కొమ్మను" అంది. వాడేమో, "అన్నా, నిజం చెప్పు, నేను బయటికొచ్చేసరికి ఈ టాపిక్ బతికే ఉంటదా?" అన్నాడు.

ప్రశ్న సరిగ్గానే అడిగాడు. నేను పైన రాసిన లెక్కంతా వాడికి కాగితం మీద వేసి చూపించా. చిన్నమ్మకు డబ్బుల లెక్క చెప్పా. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ కొడితే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, పైన ఇంటి అద్దె భత్యం. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ కాదు, కానీ ఆకలి చావూ కాదు. ఐదేళ్లు పడుతుందని, ఆ ఐదేళ్లూ ఇంటికి పెద్దగా డబ్బు పంపలేడని కూడా చెప్పా. అది దాచి వాణ్ని ఎగదోయడం న్యాయం కాదు.

వాడికి చెప్పింది ఇది. నువ్వు నేర్చుకునేది హెమటైట్ ఒక్కటే కాదు. పల్చటి పొర వేయడం, దాన్ని కొలవడం, ఎందుకు ఫెయిలైందో కనిపెట్టడం. ఆ పని సోలార్ సెల్‌కి, బ్యాటరీకి, సెన్సర్‌కి, ఎలక్ట్రోలైజర్ క్యాటలిస్ట్‌కి అన్నిటికీ కావాలి. ఇదే పదార్థాలు ఎండలో రంగు నీళ్లను శుభ్రం చేయడానికి కూడా పనికొస్తాయి. అద్దకం నీళ్లు పారే చోట్లన్నిటికీ అది అవసరం. ఫోటోఎలక్ట్రోడ్ గెలవకపోయినా నీ చేతిలో పని పోదు.

గెలిచే దారీ మూసుకుపోలేదు. ప్యానెల్ ఒకటి, ఎలక్ట్రోలైజర్ ఒకటి, మధ్యలో వైర్లు, ఇన్వర్టర్ల బదులు అన్నీ ఒకే పలకలో, మట్టి లాంటి చవక సరుకుతో, పెయింట్ లాగా పూసేయగలిగితే ధర మారిపోతుంది. అది జరగాలంటే ల్యాబ్‌లో గోరంత ముక్క మీద వచ్చిన ఫలితం చదరపు మీటరు మీద రావాలి, గంటలు కాదు ఏళ్లు నిలవాలి. మా భాషలో, లోకల్‌హోస్ట్‌లో పనిచేసింది ప్రొడక్షన్‌లో కూడా పనిచేయాలి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ఇందులో చోటుంది. అమెరికాలో బర్క్‌లీ వాళ్లు 2011లో మొదలుపెట్టిన 'మెటీరియల్స్ ప్రాజెక్ట్' డేటాబేస్ ఫ్రీగా తెరిచి ఉంది. పైథాన్ వస్తే చాలు, వేల పదార్థాల బ్యాండ్ గ్యాప్‌లు జల్లెడ పట్టొచ్చు. కంప్యూటర్ లెక్క కట్టిన గ్యాప్ అసలు దానికంటే తక్కువ చూపిస్తుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

చివరగా, "నీళ్ల నుంచి ఇంధనం, మన సైంటిస్టుల అద్భుతం" అని వార్త కనిపిస్తే ఫార్వర్డ్ కొట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎండ ఒక్కటేనా, బయటి కరెంటు కూడా ఇచ్చారా? మామూలు నీళ్లేనా, గ్లిజరాలో మిథనాలో కలిపారా? ఎంత సైజు ముక్క? ఎన్ని గంటలు నడిచింది? ఈ నాలుగింటికీ జవాబు ఉన్న వార్త అయితే చిన్న నంబర్ ఉన్నా గౌరవించండి. జవాబు లేకపోతే పెద్ద నంబర్ ఉన్నా పక్కన పెట్టండి.

మావాడు జూన్ నెట్‌కి అప్లై చేశాడు. చిన్నమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఈసారి రాకపోతే కోర్సే" అని కండిషన్ పెట్టింది. మీ ఇంట్లో కూడా ఇలాంటి పంచాయితీ నడుస్తుంటే, ఒక కాగితం తీసుకొని ప్యాకేజీ పక్కన ఈ లెక్క కూడా రాయండి. రెండూ ఎదురుగా పెట్టుకొని మాట్లాడుకోండి.